హెయిర్ క్యాచర్ సంగతి సరే, ముందు మీ జాలీ ఊడుతుందా?

బాత్రూమ్ డ్రెయిన్‌లో జుట్టు పోకుండా సిలికాన్ హెయిర్ క్యాచర్ కొనాలా, స్టీలుది కొనాలా అని అడిగారు. దానికంటే ముందు మీ నేల మీదున్న జాలీ చేత్తో పైకి లేస్తుందో లేదో చూడండి. లేవకపోతే ఏది కొన్నా డబ్బు దండగే.

మాది మియాపూర్‌లో అపార్ట్‌మెంట్, వాడకానికి పూర్తిగా బోరు నీళ్ళే. అత్తయ్యగారు, నేను, మా అమ్మాయి ముగ్గురం నడుము దాకా జుట్టున్నవాళ్ళం. ఈ సబ్జెక్టులో నాకు పీహెచ్‌డీ ఇచ్చేయొచ్చు.

ఆన్‌లైన్‌లో అమ్మే పువ్వు ఆకారం సిలికాన్ మూతలకి అడుగున చిన్న చిన్న కప్పులుంటాయి. అవి నున్నటి నేలనే పట్టుకుంటాయి. మన బాత్రూముల్లో కాలు జారకూడదని గరుకు టైల్స్ వేస్తారు, వాటి మీద అవి ఎక్కడ నిలుస్తాయి? అర బకెట్ నీళ్ళు ఒక్కసారి గుమ్మరిస్తే మూత లేచిపోయి కమోడ్ పక్కన తేలుతుంది. పుట్టగొడుగులా ఉండి రంధ్రంలో దిగే రకం అసలు టబ్బుల కోసం చేసింది. ఆ రంధ్రం 1.5 అంగుళాలు. మన నహానీ ట్రాప్, అంటే నేల జాలీ కింద నీళ్ళు దిగే గిన్నెలాంటి గొట్టం, దాని నోరు 3, 4 అంగుళాలుంటుంది, అందులో వేస్తే ఇక దానికి తిలోదకాలే.

మా ఇంట్లో భోగి నాడు జరిగింది వినండి. పూణె నుంచి ఆడపడుచు వాళ్ళు పిల్లలతో వచ్చారు. అందరికీ ఒంటికి నువ్వుల నూనె, సున్నిపిండి, తలంటు. సగం మంది స్నానాలు అవకముందే నీళ్ళు మడమలు దాటి, గడప దాటి, బెడ్‌రూమ్‌లోకి వచ్చేశాయి. మా బిల్డర్ బాత్రూమ్ వాలు డ్రెయిన్ వైపు కాకుండా తలుపు వైపు ఇచ్చాడు లెండి. హాల్లో ఫాల్స్ సీలింగ్ మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు ఇక్కడ పెట్టినా సరిపోయేది. సంక్రాంతికి సగం హైదరాబాద్ ఖాళీ అవుతుంది కదా, ప్లంబర్లు అందరికంటే ముందే బస్సెక్కేస్తారు. ఫోన్ చేస్తే అవతల కోడిపందేల గోల, మధ్యలో "కనుమ అయ్యాక వస్తా మేడమ్" అన్న మాట.

జాలీ లేపి చూద్దామంటే ఊడి రాదు. మేస్త్రీ చుట్టూ వైట్ సిమెంట్ పూసి శాశ్వతంగా బిగించేశాడు. అత్తయ్యగారు కుచ్చిళ్ళు పైకి దోపుకుని, స్క్రూడ్రైవర్ ఆనించి పచ్చడిబండతో కొడుతూ ఆ సిమెంట్ అంతా చెక్కేశారు. ఇస్త్రీ బట్టలతో వచ్చిన తీగ హ్యాంగర్‌ని సాగదీసి, కొన కొక్కెంలా వంచి, లోపలికి పోనిచ్చి మెల్లగా తిప్పారు. మూరెడు పొడవున జడలాంటిది బయటికొచ్చింది. దాని మధ్యమధ్యలో సబ్బూ సున్నిపిండీ కలిసి గట్టిపడిన ముద్దలు, షాంపూ ప్యాకెట్ చింపిన మూలలు, ఒక స్టిక్కర్ బొట్టు. గుడగుడమంటూ నీళ్ళన్నీ దిగిపోయాయి.

గుమ్మంలో నిలబడి చూస్తున్న మావారు "అంతా మీ ఆడవాళ్ళ జుట్టే" అన్నారు. అత్తయ్యగారు ఆ ముద్దలోంచి అంగుళం పొడవు వెంట్రుకలు కొన్ని లాగి, సగం నలుపు, సగం తెలుపు ఉన్నవి, "రంగేసుకునేది ఎవర్రా?" అన్నారు. ఆయన టీ పెట్టడానికి వెళ్ళిపోయారు.

ఇలా జామ్ అయితే యాసిడ్ పొయ్యమని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. బాత్రూమ్ యాసిడ్‌కి జుట్టు కరగదు. టైల్స్ సందుల్లో సిమెంట్ కరుగుతుంది, స్టీలు జాలీ పాడవుతుంది. జుట్టును కరిగించేది కాస్టిక్ సోడాలాంటి క్షారం. అది పనిచెయ్యలేదని వెంటనే పైన యాసిడ్ పోశారంటే మీ మొహం మీదికే చిమ్ముతుంది. పైగా ఒట్టి జుట్టు ఒక్కటే అయితే నీళ్ళతో పాటు చాలావరకు జారిపోతుంది. బోరు నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి జిగట తెట్టు కడతాయి. జుట్టును గొట్టానికి అంటించేది ఆ తెట్టే.

ఇక కొనడం. హైదరాబాద్‌లో ఈ సామాన్లు అమ్మే ట్రూప్ బజార్ కానీ రాణీగంజ్ కానీ వెళ్ళండి, పాత జాలీ ఊడితే అది చేతిలో పట్టుకుని వెళ్ళండి. ఊడకపోతే టేపుతో కొలవండి, అందాజుగా చెప్తే 5 అంగుళాలదానికి 6 ఇచ్చి పంపిస్తారు. ఫ్రేము నేలకు బిగించి ఉండి, పై మూత వేలు పెడితే లేచేది, లోపల జుట్టు ఆగే గిన్నె విడిగా బయటికొచ్చేది అడగండి. బొద్దింకలు రాకుండా వేసే జాలీల్లో ఇలాంటివి దొరుకుతాయి. 304 గ్రేడ్ స్టీలు కావాలని గట్టిగా అడగండి, చవకవి మన నీళ్ళకి తుప్పు పట్టి మళ్ళీ అతుక్కుపోతాయి. టీ వడగట్టే జల్లెడంత సన్నటి మెష్ మాత్రం వద్దు. మనం షవర్ కింద నిలబడే జనం కాదు, చెంబులతో దబదబా పోసుకుంటాం, అంత నీరు దాంట్లోంచి దిగదు. స్క్రూలున్నదీ వద్దు, స్క్రూడ్రైవర్ వెతుక్కుని మరీ జుట్టు తీసే మనిషిని నేనింతవరకూ చూడలేదు. మేస్త్రీ బిగించేటప్పుడు పక్కనే నిలబడండి, లేకపోతే మూత మీద కూడా సిమెంట్ పూసి వెళ్ళిపోతాడు.

మా ఇంట్లో ఆ గిన్నె తీసే డ్యూటీ ఇప్పుడు మావారిది. తీసిన జుట్టు కమోడ్‌లో వెయ్యకండి, చెత్తబుట్టలో వెయ్యండి అని మాత్రం ఇంకా ప్రతి ఆదివారం చెప్పాల్సే వస్తోంది.