పెడల్‌లో చిప్ మార్చేశాడు, బిల్లు లేదు: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్, చిక్కడపల్లి. పెళ్లిళ్లలో గిటార్ వాయిస్తాను. మా నాన్నగారి ఐబనీజ్ టీఎస్808 పెడల్ (గిటార్ శబ్దాన్ని మార్చే కాలి పెట్టె), 1980 ప్రాంతంలో జపాన్‌లో తయారైంది, బుస్సుమని రొద చేస్తుంటే కోఠిలో ఒక మెకానిక్‌కు ఇచ్చాను. యూపీఐలో 3,500 తీసుకుని 2024 నవంబరు 18న తిరిగిచ్చాడు. రొద తగ్గలేదు. తర్వాతి ఫిబ్రవరిలో మరో టెక్నీషియన్ విప్పితే అసలు చిప్ లేదు, దాని చోట సాకెట్‌లో (చిప్ గుచ్చే గూడులో) వేరేది ఉంది. అడిగితే ‘పాతది కాలిపోయింది, పారేశా’ అని వాట్సాప్‌లో జవాబిచ్చాడు. బిల్లు ఇవ్వలేదు. రిపేరుకు ఇచ్చినట్టు వెనకటి తేదీతో షాపు జాబ్ కార్డు ప్రింట్ చేయిద్దామని మా బావమరిది అంటున్నాడు. మానసిక వేదనకు పది లక్షలు అడగవచ్చా?

జవాబు: మీ ఉత్తరాన్ని కుదించి పైన వేశాను. మూడు పేజీల్లో రెండున్నర నాన్నగారి గురించే. కేసుకు పనికొచ్చే సంగతి చివరి పేజీలో ఒక మూల రాశారు: 2023లో అమ్మేద్దామనుకుని లోపలి బోర్డు ఫోటో తీసి స్నేహితుడికి వాట్సాప్‌లో పంపారు, తర్వాత మనసొప్పక ఊరుకున్నారు. ఆ ఫోటోయే మీ కేసు.

మెకానిక్ చేతికి ఇచ్చిన రోజు పెడల్‌లో ఏ చిప్ ఉందో రుజువు చేయాల్సింది మీరు. ‘నలభై ఏళ్ల పెడల్ కదా, నా దగ్గరికి రాకముందే ఎవరో మార్చి ఉంటారు’ అని అతను అన్నాడంటే, ఆ ఫోటో తప్ప మీ దగ్గర జవాబు లేదు. ఫోటోను పెద్దది చేసి చూడండి. చిప్ మీద జేఆర్‌సీ 4558డీ (ఈ పెడల్ అసలు చిప్ పేరు) అన్న అక్షరాలు చదవడానికి వస్తున్నాయా? దాని కాళ్లు నేరుగా బోర్డుకే సోల్డర్ అయి ఉన్నాయా? అవి కనిపిస్తే, ఇప్పుడున్న సాకెట్ ఆ తర్వాత పెట్టిందేనని తేలుతుంది. ఫోటో తీసినప్పటి నుంచి మెకానిక్‌కు ఇచ్చేదాకా ఎవరూ విప్పలేదన్నది నిజమైతే అఫిడవిట్‌లో రాయండి. స్నేహితుడు ఆ చాట్ చెరిపేయకుండా చూడండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం కాబట్టి అది ఏ ఫోన్ నుంచి ఎలా తీసిందో ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయండి.

విప్పి చూసిన టెక్నీషియన్ నుంచి అఫిడవిట్ తీసుకోండి. ఇకపై ఆ పెడల్ మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టనివ్వకండి.

రొద సంగతి వేరు. పెడల్‌బోర్డు మీదున్న పెడల్స్ అన్నిటికీ కరెంటుకు ఒకే అడాప్టర్ అని మీరే రాశారు. డిజిటల్ డిలే (ప్రతిధ్వని పెడల్)తో కలిపి ఒకే వైరు మీద నడిపితే మంచి పెడల్ కూడా గుయ్యిమనవచ్చు. కొత్త 9 వోల్టుల బ్యాటరీ వేసి, గిటార్, ఈ ఒక్క పెడల్, యాంప్లిఫైయర్ మాత్రమే కలిపి వీడియో తీయండి. రొద పోతే ‘రిపేరు సరిగా చేయలేదు’ అన్న వాదన వదిలేయండి, చిప్ మీదే నిలబడండి. ఈ పరీక్ష ముందే చేసుకోకుండా ఎనిమిది నెలలు మెకానిక్‌తో పోట్లాడటం మీ నిర్లక్ష్యమే. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాడని కూడా గొడవ పడకండి, పాత పెడల్‌కు అది మామూలు రిపేరు. చిప్ అలా కాదు. నిజంగా కాలిపోయినా ఆ ముక్క మీదే. పని అయ్యాక వస్తువు తిరిగివ్వాలని కాంట్రాక్టు చట్టం 160వ సెక్షన్ చెబుతోంది.

జాబ్ కార్డు ఆలోచన ఇప్పుడే మానుకోండి. అది దొంగ పత్రం. భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద ముద్దాయి మీరవుతారు, నిజమైన ఫోటోను కూడా ఎవరూ నమ్మరు. అసలు ఆ కార్డు అవసరమే లేదు! బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. యూపీఐ చెల్లింపు, ‘పారేశా’ అన్న మెసేజ్ చాలు.

గడువు రెండేళ్లు. చిప్ సంగతి తెలిసిన ఫిబ్రవరి నుంచి లెక్కించమని వాదించవచ్చు గానీ, ఆ వాదన మీద ఆధారపడకండి. 2026 నవంబరు 17 లోపు ఫిర్యాదు దాఖలు కావాలి. నోటీసు పంపినంత మాత్రాన గడువు పెరగదు. స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, పదిహేను రోజులు చూసి, ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు వేయండి. 3,500 రూపాయల సేవకు ఫీజు ఉండదు. పెళ్లిళ్లలో వాయిస్తారు కాబట్టి ఇది వాణిజ్య అవసరం, మీరు వినియోగదారుడే కారని అవతలివారు అంటారు. స్వయం ఉపాధి అని ఫిర్యాదులోనే రాయండి.

పది లక్షలు అడిగితే నవ్వుతారు. కొత్త 4558 చిప్ కోఠిలో పదుల రూపాయలకే దొరుకుతుందని అతని లాయరు చూపిస్తాడు. అసలు చిప్ లేని టీఎస్808 ధర ఎంత పడిపోతుందో పాత పెడల్స్ కొనే అమ్మే వ్యక్తితో లిఖితంగా రాయించుకోండి. ఆ తేడా, 3,500, కొంత ఖర్చులు అడగండి. వేదన కింద అడిగేది వీటికి తగ్గట్టు ఉండాలి.

ఆ ఫోటో ఉన్న ఫోన్ పాతదైందని మార్చబోతున్నానని కూడా రాశారు. కేసు తేలేదాకా మార్చకండి.