పండుగప్పలో పెద్ద చేపలన్నీ ఆడవేనా? గుడ్లు ఎక్కడ పెడుతుంది?

చాలావరకు నిజమే. పండుగప్ప ముందు మగచేపగా ఎదుగుతుంది. మూడు నాలుగేళ్లకు వీర్యం వస్తుంది. రెండు మూడు సీజన్లు అలా గడిచాక, సాధారణంగా ఆరేడేళ్ల వయసులో, ఆడగా మారుతుంది. ఈ మార్పు సమయంలో కోసి చూస్తే ఒకే గ్రంథిలో తగ్గిపోతున్న వృషణ కణజాలం, పెరుగుతున్న అండాశయ కణజాలం పక్కపక్కనే కనిపిస్తాయి. నాకైతే చేపల్లో ఇంతకన్నా అద్భుతం లేదు. మొదటి నుంచీ ఆడగానే పెరిగేవి అరుదు.

నదుల్లో, ఉప్పుటేరుల్లో తిరిగినా గుడ్లకు మాత్రం ఉప్పదనం ఎక్కువుండే నదీముఖానికి, తీరానికి రావాల్సిందే. మంచినీటి చెరువులో ఎన్నేళ్లు పెంచినా గుడ్లు పెట్టదు. వానాకాలం చుట్టూ, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, సాయంత్రం పోటు ఎక్కే వేళ గుడ్లు వదులుతుంది, అదీ విడతలుగా. పెద్ద ఆడచేప లక్షల్లో కాదు, కోట్లలో కూడా పెట్టగలదు. గుడ్డు మిల్లీమీటరు కూడా ఉండదు, లోపలి నూనె బొట్టు వల్ల తేలుతుంది. 28 డిగ్రీల నీటిలో ఒక్కరోజు లోపే పిల్ల బయటికొస్తుంది. పోటు వాటిని మడ అడవుల వైపు తోసుకెళ్తుంది.

అందుకే పదేళ్ల చేపలను వరసగా పట్టేస్తే పోయేవి దాదాపు అన్నీ తల్లిచేపలే.