బ్రష్ కట్టర్‌లో పెట్రోలు ఎక్కువై స్టార్ట్ కాకపోతే ఏం చేయాలి?

గడ్డి కోసే మీ బ్రష్ కట్టర్‌ని స్టార్ట్ చేయడానికి తాడు ముప్పైసార్లు లాగారు, మొదట్లో ఒక్కసారి డుబ్బుమని ఆగిపోయింది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన వస్తోంది అన్నారు. అంటే ఇంజిన్‌లోకి పెట్రోలు ఎక్కువై స్పార్క్ ప్లగ్ తడిసిపోయింది. ముందు ఆ తాడు వదిలేయండి. చోక్ (గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ పంపే మీట) వేసి లాగినకొద్దీ ఇంకాస్త పెట్రోలు లోపలికి పోతుందే తప్ప లాభం లేదు.

గూడూరు దగ్గర మాకు మూడెకరాల నిమ్మతోట ఉంది. వానలు పడితే చెట్ల వరసల మధ్య గరిక, తుంగ మోకాలెత్తు లేస్తాయి. కూలీలు దొరక్క బ్రష్ కట్టర్ కొన్నాం. మొదటి ఏడాదే నాకూ ఇదే జరిగింది. భుజం పట్టేసేదాకా నేను లాగాను, తర్వాత మా బావమరిది లాగాడు. చివరికి బండి మీద వేసుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళితే, ఆయన తాడు ముట్టుకోనే లేదు. వాసన చూశాడు, ప్లగ్ విప్పాడు, పది నిమిషాల్లో మోగించాడు. డబ్బులు కూడా తీసుకోలేదు, నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వే ఎక్కువ కాలింది. అప్పటినుంచి ఈ పని నేనే చేసుకుంటున్నాను.

స్విచ్ ఆఫ్ చేసి, మిషన్‌ను నీడలో పెట్టండి. చుట్టుపక్కల బీడీ, సిగరెట్, పొయ్యి ఉండకూడదు. ప్లగ్ మీది రబ్బరు టోపీ లాగేసి, మిషన్‌తో ఇచ్చిన ప్లగ్ పానాతో ప్లగ్ విప్పండి. తడిగా మెరుస్తుంటే మన అనుమానం నిజమే. పొడి గుడ్డతో తుడిచి, మసి ఉంటే పాత టూత్ బ్రష్‌తో రుద్ది, కాసేపు గాలికి పెట్టండి. కొందరు గ్యాస్ పొయ్యి మీద కాలుస్తారు. పెట్రోలు తడిసిన చేతులతో ఆ పని వద్దు.

ఇప్పుడు చోక్ తీసేసి, ప్లగ్ రంధ్రం కిందికి వచ్చేలా ఇంజిన్‌ను వంచి, స్విచ్ ఆఫ్‌లోనే ఉంచి తాడు ఎనిమిది పదిసార్లు లాగండి. రంధ్రంలోంచి పెట్రోలు చుక్కలుగా చిమ్ముతుంది, మొహం పక్కకి పెట్టుకోండి. పది నిమిషాలు అలాగే ఆరనిచ్చి ప్లగ్ బిగించండి. మొదట చేత్తోనే తిప్పాలి, మర అడ్డంగా పడితే సిలిండర్ పాడవుతుంది.

తర్వాత స్విచ్ ఆన్ చేసి, చోక్ లేకుండా, రేసు (యాక్సిలరేటర్) పూర్తిగా నొక్కి లాగండి. ప్రైమర్ బుడ్డ, అంటే ట్యాంకులోంచి పెట్రోలు లాగడానికి వేలితో నొక్కే చిన్న బుడ్డ, నొక్కొద్దు. రేసు మీద స్టార్ట్ అవుతుంది కాబట్టి ఇంజిన్ అందుకోగానే బ్లేడు తిరుగుతుంది. అందుకని మిషన్‌ను నేల మీద గట్టిగా అదిమిపట్టి, బ్లేడు దేనికీ తగలకుండా, పిల్లలు దగ్గర లేకుండా చూసుకోండి. నాకు ఐదారు లాగులకి అందుకుంటుంది. కాసేపు తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, టెన్షన్ పడకండి, మిగిలిన పెట్రోలు, ఆయిల్ కాలుతున్నాయంతే.

అసలు తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఆ మొదటి డుబ్బు దగ్గరే. ఇంజిన్ ఒకసారి దగ్గిందంటే ఇక చోక్ తీయమని అర్థం. మనం మాత్రం "వస్తోంది, వస్తోంది" అనుకుంటూ చోక్ మీదే ఇంకో ఇరవైసార్లు లాగుతాం. చాలామంది ప్రైమర్ బుడ్డని తిడతారు గానీ, మా మిషన్ లాంటివాటిలో బుడ్డ నొక్కితే ఎక్కువైన పెట్రోలు ట్యాంకులోకే తిరిగి వెళ్తుంది. అప్పటిదాకా తిరిగి వేడిగా ఉన్న ఇంజిన్‌కైతే మామూలుగా చోక్ అక్కర్లేదు.

ఇలా వారానికోసారి అవుతుంటే మాత్రం ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. దుమ్ముతో మూసుకుపోతే చోక్ వేసినట్టే పనిచేస్తుంది. అది శుభ్రంగా ఉన్నా మారకపోతే పెట్రోలుని గాలితో కలిపే కార్బ్యురేటర్‌లో, పెట్రోలుని ఆపే సూది దగ్గర నలక పట్టి పెట్రోలు ఆగకుండా దిగుతున్నట్టే. దాన్ని నేను విప్పను, మెకానిక్‌కే ఇస్తాను. నెలల తరబడి ట్యాంకులో ఉండిపోయిన పెట్రోలు కూడా వాడకండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ కలిపిన పెట్రోలు, తేమ పీల్చుకుంటుంది. సీజన్ అయిపోగానే నేను ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా నడిపి పక్కన పెడతాను.

ఇదంతా 2 స్ట్రోక్ మిషన్ గురించి, అంటే పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసేది. మీది ఆయిల్ విడిగా పోసే 4 స్ట్రోక్ అయితే ఒకసారి ఇంజిన్ ఆయిల్ కూడా చూడండి. మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తుంటే ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయాలి.

ప్లగ్ విప్పితే పొడిగా ఉందా? అయితే జబ్బు వేరు. పెట్రోలు అసలు రావడం లేదన్నమాట. ట్యాంకులో పైపు చివర ఉన్న చిన్న ఫిల్టర్‌ని కొక్కెంతో బయటికి లాగి చూడండి.