మావయ్య మిషిగన్‌లో, మేనకోడలు మెడిసిన్ వార్డులో

ప్రశ్న: మా అమ్మాయి కోస్తాలోని ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్ చదువుతోంది. హాస్టల్లో ఉంటుంది. నా బావమరిది 2003లో అమెరికా వెళ్లి ఇప్పుడు మిషిగన్‌లో ఫిజీషియన్‌గా ఉన్నాడు. ప్రతి ఆదివారం పొద్దున ఆరున్నరకు వీడియో కాల్ చేసి అమ్మాయికి గైడెన్స్ ఇస్తున్నాడు. ముగ్గురం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం, వారం వారం ఎంత చదివిందో అందులో రాస్తుంది. ఇప్పటినుంచే యూఎస్‌ఎంఎల్‌ఈ (అమెరికాలో డాక్టర్ లైసెన్సు పరీక్షలు) మొదలుపెట్టాలని వాడు అంటున్నాడు. కాలేజీలో సీనియర్లేమో నీట్ పీజీయే (ఇక్కడి పీజీ సీట్ల ప్రవేశ పరీక్ష) మేలంటున్నారట. ఈ మధ్య మావయ్య ఫోనంటేనే అమ్మాయి విసుక్కుంటోంది. రెండింటినీ పోల్చి చెప్పండి. వాడి మాట కాదంటే చేతికందిన అవకాశం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: పోలిక అడిగారు, చెబుతాను. దానికంటే ముందు ఒక మాట. అమ్మాయి విసుక్కుంటోందని రాశారు, ఎందుకు విసుక్కుంటోందో రాయలేదు. అడిగారా అండీ?

ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. డల్లాస్‌లో బాబాయి, లీడ్స్‌లో సీనియర్, నాన్నగారి ఫ్రెండు కొడుకు. మనుషులు మారతారు, వెనకున్న భయం ఒకటే. దారి తెలిసినవాడు మన ఇంట్లోనే ఉన్నాడు, అయినా పిల్ల దారి తప్పితే రేపు బంధువుల్లో మాట పడాల్సింది మనమే అని. మీ బావమరిదిని నేను తప్పుపట్టడం లేదు. రోజంతా పేషెంట్లను చూసి, శనివారం రాత్రి తన ఎనిమిది గంటల వేళ మేనకోడలి కోసం కూర్చుంటున్నాడు. ఎంతమందికి దొరుకుతాడు అలాంటి మేనమామ? ఆయన దగ్గర తీసుకోవాల్సింది ఏది, తీసుకోకూడనిది ఏది అన్నదే ఇక్కడ తేలాలి.

తీసుకోకూడనిది దారి. 2003లో ఆయన నడిచిన దారి ఇప్పుడు లేదు. అప్పట్లో యూఎస్‌ఎంఎల్‌ఈలో మొదటి పరీక్ష, స్టెప్ వన్ స్కోరే జాతకం. 2022 జనవరి నుంచి దానికి మార్కులే ఇవ్వడం లేదు, పాస్ లేదా ఫెయిల్, అంతే. నటులను పేషెంట్లుగా కూర్చోబెట్టి పెట్టే పరీక్ష (2004 నుంచి దాని పేరు స్టెప్ టూ సీఎస్) కోసం అప్పట్లో అమెరికా దాకా వెళ్లాల్సి వచ్చేది. 2021లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు ఇంగ్లిష్‌కి ఓఈటీ అనే పరీక్ష రాస్తారు. ఎన్నిసార్లైనా రాయొచ్చు అనుకునే రోజులూ పోయాయి. ఒక స్టెప్‌కి నాలుగు ప్రయత్నాలే. పాసయ్యాక స్కోరు పెంచుకుందామంటే మళ్లీ రాయనివ్వరు. తొందరపడి రాసి తక్కువ స్కోరు తెచ్చుకుంటే అది వెంటే వస్తుంది.

అమెరికా మోజు మీద నాకున్న అనుమానాలూ చెప్పేస్తాను. అమెరికా పౌరులు కాని విదేశీ డాక్టర్లలో ఇటీవలి ఏళ్లలో మ్యాచ్‌లో, అంటే అక్కడి పీజీ (రెసిడెన్సీ) సీట్ల కేటాయింపులో, సీటు వచ్చింది నూటికి 60 మంది లోపే. వీళ్లు దారిలో ఆగిపోకుండా స్టెప్ వన్, టూ దాటి, అప్లికేషన్లు పెట్టి, చివరిదాకా వచ్చినవాళ్లు. అందులోనూ నూటికి 40 మంది మార్చి మూడో వారంలో ఖాళీ చేతులతో మిగిలారు. ఫేస్‌బుక్‌లో తెల్లకోటు ఫోటో పెట్టేది మిగతా 60 మందే. సీటు వచ్చినా వీసా చిక్కు ఉంది. శిక్షణకిచ్చే జే-1 వీసా మీద వెళితే చదువయ్యాక రెండేళ్లు స్వదేశానికి తిరిగి రావాలి, లేదంటే అక్కడే డాక్టర్లు చాలని చోట పని చేసి మినహాయింపు తెచ్చుకోవాలి. ఉద్యోగ వీసా హెచ్-1బీ కావాలంటే ముందే స్టెప్ త్రీ పాసవ్వాలి. దాని మీద 2025 సెప్టెంబరులో, దేశం బయటినుంచి పెట్టే కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలని ప్రెసిడెంటు ఉత్తర్వు వచ్చింది. ఒక్క సంతకంతో ఇంత మారే దారిలో, ఇరవై ఏళ్ల పిల్లని ఐదేళ్ల ముందే ‘ఇదే నీ జీవితం’ అని కట్టేయడం నాకు నచ్చదు. వద్దని చెప్పడం లేదు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో వెళ్లి హాయిగా ఉన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లంతా తమంతట తాము కావాలనుకుని వెళ్లినవాళ్లు.

ఇంకో హెచ్చరిక. టెలిగ్రామ్ గ్రూపుల్లో ‘రీకాల్స్’ పేరుతో పాత ప్రశ్నలు తిరుగుతుంటాయి, కొన్నిచోట్ల అమ్ముతారు కూడా. వాటి జోలికి వెళ్లొద్దని మావయ్యతోనే గట్టిగా చెప్పించండి. 2024 జనవరిలో నేపాల్‌తో సంబంధమున్న కొందరు అభ్యర్థుల స్కోర్లను అనుమానాస్పదమని పరీక్ష సంస్థ రద్దు చేసింది. అంతదూరం వెళ్లి అక్కడ జారిపడితే లేపేవాళ్లు ఉండరు.

ఇక ఆయన దగ్గర తీసుకోవాల్సింది వైద్యం. అక్కడ ఇరవై ఏళ్ల అనుభవం ఉంది, అది పాతబడదు. మన కాలేజీల పరిస్థితి మీకు తెలుసు. ఓపీలో జనం కిక్కిరిసి ఉంటారు, యూనిట్ చీఫ్‌కి ఊపిరాడదు, ఒక్కో విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని ‘ఎందుకలా అనుకున్నావు’ అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. ఆ ప్రశ్న మిషిగన్ నుంచి అడగొచ్చు. వారానికి ఒక్క కేసు చాలు. ఒక పెద్దాయన వచ్చి ‘గ్యాస్ పట్టింది’ అన్నాడనుకోండి. మన దగ్గర గ్యాస్ అంటే కడుపుబ్బరమూ కావచ్చు, గుండెపోటూ కావచ్చు. తరవాత ఏం అడిగావు, చెమటలు పట్టాయా అని అడిగావా, నొప్పి చేతికి పాకిందా, ఈసీజీ ఎప్పుడు తీశారు. ఇలా అరగంట మాట్లాడుకుంటే అమ్మాయికి వచ్చేది ఏ క్వశ్చన్ బ్యాంకులోనూ రాదు.

మావయ్యకు తెలియనివీ చాలా ఉంటాయి. అది అమ్మాయికి చెప్పాలి, ఆయనా ఒప్పుకోవాలి. పాము కరిచిన మనిషి క్యాజువాలిటీకి వస్తే కాస్త రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం రక్తం మీద పని చేస్తోందని అర్థం. మన దగ్గర ఇది రోజువారీ పని. పురుగుమందు తాగి వచ్చినవాళ్లకి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎలా పెంచుకుంటూ పోవాలో మీ కాలేజీలో డ్యూటీలో ఉన్న పీజీ డాక్టర్‌కి తెలిసినంతగా ఆయనకి తెలిసి ఉండకపోవచ్చు. స్క్రబ్ టైఫస్ జ్వరంలో సిగరెట్‌తో కాల్చినట్టుండే నల్ల మచ్చ ఒకటి చంకలోనో గజ్జల్లోనో దాక్కుని ఉంటుంది. ఓపిగ్గా వెతికితేనే కనపడుతుంది. ఒక్కోసారి మేనకోడలే మావయ్యకి పాఠం చెప్పనివ్వండి. విసుగు సగం అక్కడే పోతుంది.

ఒక గీత మాత్రం దాటకూడదు. పేషెంటు ముఖం, పేరు, కేస్ షీటు ఫోటో తీసి మావయ్యకి పంపకూడదు, అందులోనూ మీరున్న ఆ గ్రూపులో అసలే కూడదు. మావయ్య చెప్పాడని వార్డులో పీజీతో వాదనకు దిగకూడదు. ఆ పేషెంటుకి జవాబుదారీ అక్కడున్న డాక్టర్లు. మావయ్యతో మాట్లాడేది నేర్చుకోవడానికే, మందు మార్చడానికి కాదు.

ఇప్పుడు మీ సంగతి. కోపం తెచ్చుకోకండి. ఆ గ్రూపులోంచి ముందు మీరు బయటికి రండి. వారం వారం లెక్క రాయించుకోవడానికి అది చిట్‌ఫండ్ కాదు. ఇది మీకు చెబుతున్నానంటే నేనూ ఈ తప్పు చేసినవాణ్నే. ఒక కుర్రాడికి విదేశంలో ఉన్న డాక్టర్‌ని నేనే జత చేశాను. ప్రతి కాల్ తరవాత ఏం జరిగిందో నాకు రాయాలని షరతు పెట్టాను. మూడు నెలలకు వాడు వార్డుకి వెళ్లడం తగ్గించి కాల్ కోసం చదవడం మొదలుపెట్టాడు. ఆ డాక్టర్ ఏం అడుగుతాడో ముందే ఊహించి జవాబులు తయారు చేసుకునేవాడు. నా రిపోర్టులన్నీ బ్రహ్మాండంగా ఉండేవి. ఫైనల్ ఇయర్‌లో లాంగ్ కేసులో, అంటే ఒక పేషెంటును పూర్తిగా పరీక్షించి చెప్పాల్సిన ప్రాక్టికల్‌లో, కూలబడ్డాడు. తరవాత కోలుకున్నాడు లెండి, కానీ వాడికి ఆరు నెలలు పోవడానికి కారణం నేను.

పోలిక అంటారా? నీట్ పీజీ ఒక్క పరీక్ష, ఒక్క ర్యాంకు. సీటొస్తే స్టైపెండ్ తీసుకుంటూ ఇక్కడే చదువుతుంది. పోటీ భయంకరం, కానీ ఖర్చు తక్కువ, రాకపోతే మళ్లీ రాయొచ్చు. యూఎస్‌ఎంఎల్‌ఈ పొడుగు దారి, ఒక్కో స్టెప్‌కే దాదాపు వెయ్యి డాలర్లో ఆ పైనో, తిరగడానికి వేరే. థర్డ్ ఇయర్‌లో మాత్రం రెండింటికీ చదవాల్సింది ఒకటే, ఎదురుగా మంచం మీదున్న పేషెంటు. ఫైనల్ ఇయర్ సగానికి వచ్చాక తేల్చుకున్నా కొంప మునగదు. ఒక్క విషయానికే గడువుంది: అమెరికా ఆసుపత్రుల్లో ఎలక్టివ్ (విద్యార్థిగా పేషెంట్లను చూస్తూ చేసే కొద్దిరోజుల శిక్షణ) చేయాలంటే స్టూడెంట్‌గా ఉండగానే చేయాలి. పట్టా వచ్చాక చాలామందికి దొరికేది పక్కన నిలబడి చూసే అబ్జర్వర్‌షిప్పే. దాన్ని అమ్మే దళారులు హైదరాబాద్‌లో కావలసినంతమంది. డబ్బు కట్టే ముందు మావయ్యని అడగండి, ఆ విషయంలో ఆయన సాయం నిజంగా పనికొస్తుంది.

అమ్మాయి ‘నాకు అమెరికా వద్దు’ అంటే ఏమవుతుంది? ఏమీ కాదు. ఆయన మేనమామ, ఈ సాయం ఏ కన్సల్టెన్సీ ప్యాకేజీయో కాదు గడువు దాటిపోవడానికి. రేపు ఇక్కడే ఎండీ చేస్తున్నప్పుడు కూడా కేసు అర్థం కాక అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తుతాడు. మీరు భయపడుతున్న అవకాశం ఎక్కడికీ పోదు. పోయేదల్లా వాళ్లిద్దరి మధ్య ఉన్న చనువు. అది మాత్రం ఇలాగే సాగితే పోతుంది.

ఆదివారం ఆరున్నర కాల్ ముందు మార్చండి. వారమంతా పోస్టింగులు, క్లాసులతో అలిసి, ఒక్కరోజు పడుకునే పిల్లని ఆ వేళ లేపితే ఎవరికైనా విసుగే. మిషిగన్‌లో శనివారం పొద్దున పదింటికి ఇక్కడ చలికాలంలో రాత్రి ఎనిమిదిన్నర, వేసవిలో ఏడున్నర. హాస్టల్లో భోజనం అయ్యే వేళ. వాళ్లిద్దర్నీ మాట్లాడుకోనివ్వండి, వారం తప్పితే తప్పనివ్వండి. మీరు ఆదివారం తీరిగ్గా పదింటికి ఫోన్ చేసి, నిద్ర సరిపోయిందా, టిఫిన్‌కి ఏం పెట్టారు అని అడగండి.