అన్నిటికీ 'భావం లేని ముఖం' అని రాసుకుంటే ఆప్షన్లు తప్పుతాయి

ప్రశ్న: మాది దేవరకొండ. నల్లగొండలో డిగ్రీ పూర్తి చేసి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కు చదువుతున్నాను. డెడ్‌పాన్, ఇంపాసివ్, ఇన్‌స్క్రూటబుల్, స్టోయిక్, వేకెంట్... అన్నిటికీ నా నోట్సులో 'ముఖంలో భావం లేకపోవడం' అనే ఉంది. మాక్ టెస్టుల్లో ఇవే తప్పుతున్నాయి. ఎలా చదవాలి?

జవాబు: తెలుగు అర్థం దగ్గరే ఆగిపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ముఖంలో భావం ఎందుకు కనిపించడం లేదు? ప్రతి మాటనూ ఈ ప్రశ్న అడగండి, విడివిడిగా గుర్తుంటాయి.

కావాలని దాచిపెడితే పోకర్ ఫేస్. పందెం పేకాటలో పుట్టిన మాట. మంచి ముక్కలు పడ్డా, చెత్త పడ్డా ఎదుటివాళ్లకు తెలియనివ్వకూడదు. తాను నవ్వకుండా ఎదుటివాళ్లను నవ్విస్తే డెడ్‌పాన్. పాన్ అంటే అమెరికన్ వాడుకలో ముఖం. మూకీల కాలపు హాస్యనటుడు బస్టర్ కీటన్‌కు 'గ్రేట్ స్టోన్ ఫేస్' అన్న పేరు ఇలాంటి ముఖంతోనే వచ్చింది. వాక్యంలో హ్యూమర్, విట్ కనబడితే ముందు డెడ్‌పాన్ కోసం చూడండి. వస్తున్న నవ్వును ఆపుకుంటే 'స్ట్రెయిట్ ఫేస్'.

లోపలే ఏమీ లేకపోతే, అంటే ధ్యాస లేకనో అర్థం కాకనో అయితే బ్లాంక్, వేకెంట్. వేకెంట్‌లో కాస్త చిన్నచూపు ఉంది. కోపంతో, జాలి లేకుండా బిగుసుకుంటే స్టోనీ. నటనలో జీవం లేకపోతే వుడెన్.

స్టోయిక్ మెచ్చుకోలు మాట. నొప్పినీ నష్టాన్నీ పైకి అనకుండా ఓర్చుకోవడం. క్రీ.పూ. 300 ప్రాంతంలో ఏథెన్స్‌లో జీనో అనే తత్వవేత్త పాఠాలు చెప్పిన స్తంభాల మండపం పేరు స్టోవా, మాట అక్కడిదే. వాక్యంలో కష్టం లేకుంటే ఇది దాదాపు కుదరదు.

ఇన్‌స్క్రూటబుల్ మీకు సగం తెలిసిందే. ఎన్నికలప్పుడు నామినేషన్లకు స్క్రూటినీ చేస్తారు కదా! ఎంత పరిశీలించినా అంతుపట్టనిది ఇన్‌స్క్రూటబుల్. ఇక్కడ లోపల ఏదో ఉంది, చూసేవాళ్లకే చిక్కడం లేదు.

అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోగొట్టేది ఇంపాసివ్. ఏ ఉద్వేగమూ బయటపడకపోవడం దీని అర్థం. కారణం ఏదైనా కావచ్చు. ఇంపాషన్డ్ అంటే సరిగ్గా దీనికి వ్యతిరేకం, ఆవేశంతో నిండినది. డిండి వాగు పొంగి దారి మూసుకుపోతే ఆ దారి ఇంపాసబుల్. మూడూ ఒకే తీరుగా మొదలవుతాయి కాబట్టి తొందరలో కన్ను మోసపోతుంది. చివరి అక్షరాలు చూసి టిక్కు పెట్టండి.

నోట్సు పాతది పక్కన పెట్టి, ఒక పేజీని నాలుగు గడులు చేయండి: ఇంగ్లిష్ అక్షరాల్లో మాట, భావం కనబడకపోవడానికి కారణం, ఎక్కువగా కలిసి వచ్చే మాట, వ్యతిరేకం. బ్లాంక్ పక్కన స్టేర్, స్టోయిక్ పక్కన సైలెన్స్, ఇంపాసివ్ ఎదురుగా ఎక్స్‌ప్రెసివ్. మూడు రోజుల తర్వాత కారణాల గడి మూసి మళ్లీ రాయండి. తప్పిన ప్రతి మాక్ ప్రశ్నకూ మీరు పెట్టిన ఆప్షన్ ఎందుకు కుదరదో ఒక్క వాక్యం రాయడం మానొద్దు, అసలు చదువు అక్కడే జరుగుతుంది.

సీజీఎల్ రెండో దశ అయిన టైర్-2 ఇంగ్లిష్‌లో 45 ప్రశ్నలు, 135 మార్కులు; తప్పుకు 1 మార్కు కోత. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున మిగిలేది సున్నా. కారణం చూసి రెండు తీసేయగలిగితే మాత్రం వదలకండి, అక్కడ సగటున 1 మార్కు లాభం.