ఆ రోలు ఎవరికిచ్చారు మేడమ్?

అమ్మాయ్,

నీ మెసేజ్ మొన్న రాత్రే చూశాను. ఫోన్లో బొటనవేలితో కొట్టే ఓపిక లేక, తీరిగ్గా రాద్దామని ఆగాను. ఆరు కథలు రాసుకున్నావు, ఒక్కటీ అచ్చు కాలేదు. పుస్తకంగా వేస్తారా అని ఒక ప్రచురణకర్తని అడిగితే, కథల సంగతి ఎత్తకుండా "ఫేస్‌బుక్‌లో ఎంతమంది ఉన్నారమ్మా నీకు?" అన్నాడు. నువ్వు 430 అని చెప్పడం, ఆయన నవ్వడం, ఆ నవ్వు నీ చెవిలోంచి ఇంకా పోకపోవడం, అన్నీ అర్థమయ్యాయి.

ఆయన్ని మరీ తిట్టుకోకు. కొత్తవాళ్ళ కథల పుస్తకం 500 కాపీలు వేసి, అవి చెల్లితే పండగ చేసుకునే రోజులివి. విపుల, చతుర 2021లో ఆగిపోయాయి. కరోనా రోజుల్లో ఇంకొన్ని పత్రికలు మూతబడ్డాయి. మా కాలంలో కథ అచ్చయితే చాలు, పాఠకుణ్ణి పత్రికే తెచ్చిపెట్టేది. కథ కింద మన చిరునామా వేస్తే, వారం తిరక్కుండా ఎక్కడెక్కడి నుంచో కార్డుముక్కలు వచ్చేవి. ఇప్పుడా పని నీ నెత్తిన పడింది. ఆయన అడగడంలో తప్పు లేదు గానీ, అడిగిన అంకె ఉందే, అది దేనికీ కొరగాదు. చేతి డబ్బు వదిలితే గానీ నాకూ తెలియలేదు.

నా రెండో పుస్తకం నాటికి ఫేస్‌బుక్‌లో స్నేహితులు 5,000 నిండిపోయారు. అంతకు మించి చేర్చుకోనివ్వరు కదా, కొత్తవాళ్ళ కోసం పాతవాళ్ళని తీసేస్తూ ఉండేదాన్ని. అంత గొప్ప! అట్ట బొమ్మ పెట్టగానే 800 పైచిలుకు లైకులు. "అభినందనలు మేడమ్" అని 200 మంది. నెల తిరిగేసరికి అమ్ముడైనవి 37. మిగిలిన కట్టలు మంచం కిందకి తోశాం. ఊడ్చేటప్పుడు చీపురు వాటికి తగిలినప్పుడల్లా మా అత్తగారు "ఇవి ఎవరివో వాళ్ళకి పంపించెయ్యరాదుటే" అనేవారు.

ఒక మధ్యాహ్నం కూర్చుని, ఫోన్‌పేలో డబ్బులేసి వాట్సాప్‌లో అడ్రసు పంపిన ఆ 37 మంది పేర్లూ మా అబ్బాయి పాత లెక్కల నోట్సు వెనక పేజీల్లో రాశాను. వాళ్ళు అంతకుముందు నా కథల కింద ఏం రాశారో వెనక్కి వెళ్ళి వెతికాను. "సూపర్" అన్నవాళ్ళూ, "హృద్యం" అన్నవాళ్ళూ, దండం బొమ్మలు పెట్టినవాళ్ళూ అందులో ముగ్గురో నలుగురో. మిగతావాళ్ళు ఎప్పుడో గానీ మాట్లాడరు. మాట్లాడితే కథలో ఏదో ఒక ముక్క పట్టుకుని అడుగుతారు. అన్నదమ్ముల పంపకాల కథ కింద ఒకాయన ఒకే ప్రశ్న వేసి ఊరుకున్నాడు: "ఆ రోలు ఎవరికిచ్చారు మేడమ్?"

పెరట్లో సగం దాకా పాతేసిన రోలు. మొదటి పేరాలో పెట్టి నేనే మరిచిపోయాను. బీరువా, పందిరిమంచం, గేదె అన్నీ పంచాను, రోలు మాత్రం అక్కడే ఉండిపోయింది. రెండేళ్ళ తర్వాత డిసెంబర్లో, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకి ఎన్టీఆర్ స్టేడియంలో ఒక స్టాలు దగ్గర నిలబడి ఉంటే, గుడ్డ సంచీ భుజాన వేసుకున్న మనిషి వచ్చి, నమస్కారమైనా పెట్టకుండా "రోలు సంగతి మీరింకా తేల్చలేదండీ" అన్నాడు. ఇంకో కాపీ కొన్నాడు. వాళ్ళ అన్నయ్యకట. అన్నయ్యతో మాటలు లేవనీ, పుస్తకం పోస్టులో పంపుతాననీ చెప్పి వెళ్ళిపోయాడు.

నీ 430 మందిలో అలాంటివాళ్ళు ఎందరో ముందు చూసుకో. ఒక నోట్సు పెట్టు. నీ కథలోంచి ఒక వస్తువునో, మాటనో పట్టుకుని ఎవరైనా అడిగితే ఆ పేరు రాసుకో. జవాబు ఆ రోజే ఇవ్వు. అవతలివాళ్ళ రాతలు కూడా అలాగే చదువు. "బాగుంది" అని పడేసి, నా పోస్టుకి వాళ్ళు రావాలి అని లెక్కేసుకోకు. అది ఒకరి డబ్బా ఒకరు కొట్టుకోవడం. మనవాళ్ళలో ఆ బజంత్రీలకి కొదవ లేదు. పదిమంది కథలు నిజంగా చదివి, నీకు తోచింది రాస్తే, అందులో ఇద్దరు ఈవిడెవరా అని నీ దగ్గరికి వచ్చి చూస్తారు. మెల్లిగానే వస్తారు.

ఇంకొకటి, ఇది ముఖ్యం. కథ మొత్తం తీసుకెళ్ళి ఫేస్‌బుక్‌లో పెట్టెయ్యకు. ఆదివారం అనుబంధాలకి పంపినా, పోటీలకి పంపినా హామీపత్రం అడుగుతారు. "ఎక్కడా ప్రచురితం కాలేదు, పరిశీలనలో లేదు" అని సంతకం పెట్టాలి. చాలాచోట్ల "సామాజిక మాధ్యమాల్లో సహా" అని కూడా ఉంటుంది. నేనొకసారి పన్నెండు మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో కథ పెట్టి, ఆ సంగతే మరిచి పోటీకి పంపాను. ఎంపికైందని ఫోను వచ్చింది, వారానికి కాదని ఇంకో ఫోను. గ్రూపులో ఉన్నవాళ్ళే ఎవరో చెప్పారు. వాళ్ళననేదేముంది, సంతకం పెట్టింది నేను. కాబట్టి అక్కడ పెట్టడానికి అక్కడివే రాసుకో. మీ వీధి చివర ఇస్త్రీబండి అతని గురించి పదిహేను వాక్యాలు, బస్సులో విన్న ఒక మాట. కథలు మాత్రం దాచుకో. అచ్చయ్యాక ఎలాగూ పెట్టొచ్చు.

రాత ఫొటో తీసి పెట్టకు, యూనికోడ్‌లోనే, అంటే ఫోన్లో మామూలుగా కొట్టే తెలుగు అక్షరాల్లోనే, కొట్టు. ఫొటోలో ఉన్న తెలుగుని రేపు ఎవరైనా వెతుక్కోవాలంటే కష్టం. మొదటి కొన్ని లైన్ల తర్వాత "మరింత చూడండి" వచ్చేస్తుంది, వాటిని "మిత్రులందరికీ నమస్కారం"తో తగలెయ్యకు. యాభైమందిని ట్యాగ్ చేస్తే యాభైమందికీ చిరాకే. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత పెడితే మనవాళ్ళు భోంచేసి ఫోను పట్టుకుంటారు, అమెరికాలో ఉన్నవాళ్ళకి అప్పుడు పగలు. ఇంతకు మించి ఆ కిటుకులు నాకు పట్టుబడలేదు.

గొడవల్లోకి దిగితే జనం పెరుగుతారు, అది మాత్రం నిజం. ఒక అవార్డు మీద నేను నోరు పారేసుకున్న వారంలో 600 మంది చేరారు. తర్వాత కథ పెడితే వాళ్ళలో ఒక్కరూ కిమ్మనలేదు. కోడిపందేనికి వచ్చినవాళ్ళకి హరికథ ఎందుకు?

పేర్లు ఓ ఇరవై పోగయ్యాక, వాళ్ళని అడిగి ఫోన్ నంబర్లు తీసుకో. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు (ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్ళే జాబితా) పెట్టుకుంటే, నీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్ళకే నువ్వు పంపింది చేరుతుంది. చేరనివాళ్ళని మళ్ళీ అడక్కు. ఫేస్‌బుక్ ఖాతా ఏ రాత్రి ఎవడు హ్యాక్ చేస్తాడో తెలియదు, నంబర్లు నీ దగ్గరుంటాయి. ఆ ప్రచురణకర్త మళ్ళీ అడిగితే 430 అని చెప్పకు. "అడ్వాన్సుగా డబ్బు కట్టేవాళ్ళు అరవైమంది ఉన్నారు, ఇవిగో పేర్లు" అను. అప్పుడు నవ్వితే నాకు చెప్పు.

నీ బావి కథ నాలుగుసార్లు చదివాను. తాత చనిపోయినప్పుడు ఆయన చేతికి ఆగిపోయిన గడియారం ఉంది అన్నావు. ఆయనకి టైము చూడ్డం రాదని రెండో పేజీలోనే చెప్పావు కదా. మరి అది ఎవరిదమ్మా?