'లాగా' ఉంటే ఉపమ అయిపోదు

ప్రశ్న: మేడమ్, మాది తిరుపతి. ఇంటి దగ్గర ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని గడగడా అప్పజెబుతారు గానీ పుస్తకంలో లేని వాక్యం ఇస్తే తెల్లమొహం వేస్తారు. 'లాగా' కనబడితే చాలు, ఉపమాలంకారం అని రాసేస్తున్నారు. ఎట్లా చెప్పాలి?

జవాబు: పిల్లల తప్పేం లేదమ్మా, పేర్లు ముందు చెప్పి పోలిక తర్వాత చూపిస్తున్నాం మనం. నేనూ చాలా ఏళ్లు అట్లాగే చెప్పాను. ఒక వారం అలంకారం అన్న మాటే ఎత్తకండి. వానలు పడ్డాక కపిలతీర్థం దగ్గర జలపాతం దూకుతుంటుంది కదా, అది చూపించి ఎట్లా ఉందో చెప్పమనండి. నేనడిగినప్పుడు అందరూ "బాగుంది మిస్" అన్నారు, ఆ మాట చెల్లదన్నాను, కాసేపు గోళ్లు కొరుక్కుని చివరికి ఒకడు "కొండమీద ఎవరో పాల క్యాను తన్నేసినట్టుంది మిస్" అన్నాడు. ఇంకేం కావాలి! దాన్నే బోర్డు మీద రాశాను.

నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయంటే ఉపమ: నీళ్లు ఉపమేయం, పాలు ఉపమానం, తెల్లదనం సమానధర్మం, 'లా' వాచకం. ఆ ధార కొండ మెడలో వెండి గొలుసు అంటే రూపకం, రెండూ ఒకటే అనేశాం. వాడన్నది మాత్రం ఉత్ప్రేక్ష, క్యానూ లేదు, తన్నినవాడూ లేడు, అంతా వాడి ఊహే. 'అట్టు' ఉన్నా అది ఉపమ కాలేదు చూశారా?

'లాగా' జబ్బుకు మందు కూడా ఇట్లాంటిదే. "మా అక్క అచ్చం మా అమ్మలాగా ఉంటుంది" అన్న వాక్యంలో పోలిక ఉంది, చమత్కారం లేదు, ఉన్నమాటే చెప్పాం. అదే అక్క కోపం వస్తే పోపులో ఆవాల్లా చిటపటలాడుతుందని రాయండి, పిల్లలు నవ్వుతారు, తేడా అక్కడే తెలిసిపోతుంది.

రూపకానికి మన కొండ పేరే చాలు. శేషాచలం, అంటే శేషుడే కొండ. తల తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం అని పెద్దవాళ్లు చెబుతారు కదా, ఆ పామును మ్యాపు మీద గీయించండి. (భక్తులకది అలంకారం కాదు, నిజం. ఆ వాదన క్లాసులో పెట్టుకోకండి.) తర్వాత పొడుపు కథలకు రండి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు." ఉపమానం మనం చెప్పాం, కనురెప్పలనే ఉపమేయం వాళ్లే పట్టుకుంటారు. శాస్త్రంలో దీన్ని రూపకాతిశయోక్తి అంటారు, ఆ పేరు మీ దగ్గరే ఉంచుకోండి.

ప్రశ్న: ప్రాస, అంత్యప్రాస ఒకటేనా? (చిత్తూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కాదండీ. పద్యంలో ప్రాస అంటే ప్రతి పాదంలోనూ రెండో అక్షరంగా ఒకే హల్లు రావడం. పాదాల చివర ఒకే శబ్దం వస్తే అంత్యప్రాస, పాటల్లో మనం వినేది ఎక్కువగా ఇదే. ఒక్కటి చూసుకోండి, ఆటవెలదికీ తేటగీతికీ ప్రాస నియమం లేదు. ఆటవెలది పద్యం ఇచ్చి ప్రాస వెతకమంటే పాపం పిల్లవాడు టెన్షన్ పడతాడు. కందమో ఉత్పలమాలో ఇవ్వండి.